ఖాళీ జాగా విలువ తెలిసినవాడు – ప్యాట్రిక్ గెడ్డిస్

ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆర్ట్స్ కాలేజీ. గులాబీ ఛాయ గ్రానైటు రాయి, ఎత్తైన కమాను, లోపల అష్టకోణపు హాలు. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఆ రాతి పనినే మెచ్చుకుంటారు. ఆ కట్టడం అంత నిండుగా కనబడటానికి ఇంకో కారణం ఉంది. దాని ముందు పరుచుకున్న విశాలమైన ఖాళీ జాగా. ఇదే భవనాన్ని ఏ ఇరుకు బజారు మధ్యనో కట్టి ఉంటే, తలెత్తి చూసినా సగం కూడా కనబడేది కాదు.

ఉస్మానియాకు శాశ్వత ప్రాంగణం ఎక్కడ ఉండాలన్న ఆలోచన నడుస్తున్న రోజుల్లో నిజాం ప్రభుత్వం సలహా అడిగినవారిలో ఒక స్కాట్లాండు పెద్దమనిషి ఉన్నారు. ఆయనే సర్ ప్యాట్రిక్ గెడ్డిస్. చదివింది జీవశాస్త్రం, చెప్పింది వృక్షశాస్త్రం, పేరొచ్చింది మాత్రం నగరాల ప్లానింగులో. భవనాల మధ్య మిగిలిపోయిందే ఖాళీ స్థలం అని లోకమంతా అనుకుంటున్న కాలంలో, ఖాళీ స్థలాన్ని ముందే నిర్ణయించుకుని దాని చుట్టూ భవనాలు పెరగాలని నమ్మిన మనిషి ఆయన.

తోటలో మొదలైన చదువు

గెడ్డిస్ 1854 అక్టోబర్ 2న స్కాట్లాండులోని బాలటర్ అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేశారు. తర్వాత కుటుంబం పెర్త్ పట్టణం పక్కన కొండ మీద ఉన్న ఇంటికి మారింది. ఆ ఇంటికి ఒక తోట ఉండేది. తండ్రి పిల్లవాడిని వెంటబెట్టుకుని తోటపని నేర్పేవారు. మొక్కను ఎక్కడ నాటాలి, నీళ్ళు ఎటు పారతాయి, ఏ మొక్కకు ఎంత ఎడం వదలాలి అన్నవి గెడ్డిస్‌కు పుస్తకం కన్నా ముందే తెలిశాయి. కొండ మీద నుంచి చూస్తే కింద ఊరు, నది, పొలాలు అన్నీ ఒకే చూపులో కనబడేవి. ఊరిని దాని చుట్టూ ఉన్న నేలతో కలిపి చూసే అలవాటు అక్కడే పడింది.

వృక్షశాస్త్రం చదవాలని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరి ఒక్క వారానికే బయటికి వచ్చేశారు. లండన్ వెళ్ళి ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ దగ్గర చదువుకున్నారు. పరీక్షల చదువంటే ఆయనకు మొదటి నుంచీ గిట్టదు. డిగ్రీ లేకుండానే ప్రొఫెసర్ అయ్యారు.

1879లో పరిశోధన కోసం మెక్సికో వెళ్ళినప్పుడు కళ్ళకు జబ్బు చేసింది. చూపు పోతుందేమో అన్నంత పరిస్థితి. వారాల తరబడి చీకటి గదిలో ఉండాల్సి వచ్చింది. సూక్ష్మదర్శినితో పనిచేసే యువకుడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది! ఆ చీకటిలో కిటికీ చట్రాలను వేళ్ళతో తడుముతూ, ఒక్కో గడికి ఒక్కో విషయం పెట్టి ఆలోచించటం అలవాటు చేసుకున్నారు. చూపు తిరిగి వచ్చినా మునుపటిలా సూక్ష్మదర్శినితో గంటలు గంటలు పనిచేయటం కుదరలేదు. దాంతో ఆయన దృష్టి చిన్న జీవుల నుంచి మనుషులు బతికే ఊళ్ళ మీదికి మళ్ళింది. స్థలం, పని, జనం – ఈ మూడింటినీ కలిపి చూడకుండా ఏ ఊరినీ అర్థం చేసుకోలేమన్నది ఆయన జీవితాంతం చెప్పిన పాఠం.

మురికివాడలోకి కాపురం

1886లో అన్నా మోర్టన్‌తో పెళ్ళయింది. ఎడిన్‌బరోలో రెండు ఊళ్ళు ఉండేవి. ఉన్నవాళ్ళది విశాలమైన కొత్త ఊరు. లేనివాళ్ళది కోట పక్కన కిక్కిరిసిన పాత ఊరు. ఎత్తైన పాత ఇళ్ళు, గదికో కుటుంబం, గాలి లేదు, వెలుతురు లేదు, రోగాలు మాత్రం ఉన్నాయి. గెడ్డిస్ దంపతులు సుఖంగా ఉన్న ఇల్లు వదిలి ఆ పాత ఊరిలో జేమ్స్ కోర్ట్ అనే చోట కాపురం పెట్టారు. బంధువులు, మిత్రులు ఆశ్చర్యపోయారు. భార్యాభర్తలిద్దరూ చీపుర్లు, సున్నం పట్టుకుని ఇరుగుపొరుగుతో కలిసి ఇళ్ళు శుభ్రం చేయటం మొదలుపెట్టారు.

బస్తీ మొత్తాన్ని కూల్చేసి కొత్తగా కట్టాలన్నది అప్పటి అధికారుల పద్ధతి. గెడ్డిస్ దానికి ఒప్పుకోలేదు. ఒంట్లో ఎక్కడ జబ్బు ఉందో చూసి అక్కడే కోత పెట్టే డాక్టరులా, పాడైన ఇల్లు ఒక్కటి తీసి గాలికి దారి ఇవ్వాలి, మిగతావాటికి మరమ్మతు చేయాలి, మనుషుల్ని మాత్రం కదిలించకూడదు అన్నారు. పొదుపైన కోత అని ఆ పద్ధతికి పేరొచ్చింది.

విశ్వవిద్యాలయం విషయంలో ఆయన మొదటి ప్రయోగం కూడా అక్కడిదే. 1887లో పాత ఊరి ఇళ్ళను బాగుచేసి విద్యార్థుల వసతి గృహం తెరిచారు. దాని నిర్వహణ విద్యార్థుల చేతికే ఇచ్చారు. చదువుకునే పిల్లలు నగరానికి దూరంగా గోడల మధ్య ఉండకూడదు, పేదల పక్కనే ఉండాలి, వాళ్ళ కష్టం చూడాలి అన్నది ఆయన ఉద్దేశం. 1892లో కోట దగ్గర ఒక పాత బురుజు భవనాన్ని తీసుకుని ఔట్‌లుక్ టవర్‌గా మార్చారు. వచ్చినవాళ్ళు ముందు పై అంతస్తుకు ఎక్కి నగరం మొత్తం చూడాలి. తర్వాత ఒక్కో అంతస్తు దిగుతూ తమ ఊరు, దేశం, ప్రపంచం గురించి తెలుసుకోవాలి.

ఆ పాత ఊరిలో ఖాళీ జాగాలు ఎన్ని ఉన్నాయో ఆయన బృందం తిరిగి లెక్క వేసింది. అంత ఇరుకులోనూ చిన్నా పెద్దా కలిపి 75 ఖాళీ ముక్కలు, మొత్తం 10 ఎకరాల దాకా తేలాయి. అప్పటిదాకా అవి చెత్త వేసే చోట్లు. గెడ్డిస్ కూతురు నోరా ముందుండి వాటిలో కొన్నింటిని తోటలుగా మార్చారు. ఆ వీధి పిల్లలకు మొదటిసారి ఆడుకునే చోటు దొరికింది. ఖాళీ జాగా ఊరికే ఉంటే చెత్తకుప్ప అవుతుంది, దాన్ని చూసుకునే మనుషులు ఉంటే తోట అవుతుంది. ఈ సంగతి ఆయన అక్కడ చేసి చూపించారు.

1888 నుంచి 1919 దాకా డండీ పట్టణంలోని కాలేజీలో వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌గా ఉన్నారు. ఏడాదిలో వేసవి టర్ము మాత్రమే పాఠాలు. మిగతా కాలమంతా నగరాలు తిరగటం, ప్రదర్శనలు పెట్టటం, ఉపన్యాసాలు ఇవ్వటం.

సముద్రంలో మునిగిన జీవితకాలపు కష్టం

మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ పిలుపు మీద 1914లో గెడ్డిస్ భారతదేశానికి బయలుదేరారు. ఏళ్ళ తరబడి పోగుచేసిన నగరాల ప్రదర్శన – పటాలు, బొమ్మలు, ప్లాన్లు – వేరే ఓడలో వస్తోంది. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. మద్రాసు మీద గుండ్లు కురిపించి పోయిన జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్, హిందూ మహాసముద్రంలో ఆ ఓడనూ ముంచేసింది. ప్రదర్శన మొత్తం నీటిపాలయింది. అరవై ఏళ్ళ వయసులో ఇంకొకరైతే ఇంటిదారి పట్టేవారు. గెడ్డిస్ మిత్రులకు ఉత్తరాలు రాశారు. వాళ్ళు పంపినవాటితో కొత్త ప్రదర్శన తయారు చేసి 1915లో మద్రాసులో పెట్టారు.

ఆ తర్వాత కొన్నేళ్ళలో పదుల కొద్దీ భారతీయ పట్టణాలకు నివేదికలు రాశారు. పొద్దున్నే లేచి సందు సందూ నడిచేవారు. బావి ఎక్కడుంది, చెట్టు కింద ఎవరు కూర్చుంటారు, నీళ్ళు ఎటు పోతున్నాయి, ఏ దారి ఎందుకు వంకర తిరిగింది – ఇవన్నీ చూశాకే పటం మీద గీత గీసేవారు. తంజావూరులో ఒక పేట గుండా నేరుగా రోడ్డు వేసి ఇళ్ళు పడగొట్టాలని మున్సిపల్ ప్లాను ఉండేది. గెడ్డిస్ చాలా తక్కువ ఇళ్ళు తీసి, ఉన్న ఖాళీలను కలిపి, చెట్లు నాటే ప్లాను ఇచ్చారు. ఖర్చు మున్సిపల్ అంచనాలో ఆరో వంతు.

ఇందూరులో ప్లేగు ఉన్నప్పుడు ఆయన చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. దీపావళి ఊరేగింపు ఏ వీధులు బాగా శుభ్రం చేస్తే ఆ వీధుల గుండానే వెళ్తుందని ప్రకటించారు. ఇంకేముంది, ఊరంతా పోటీ పడి ఇళ్ళకు సున్నం వేసింది, చెత్త బండ్లకెత్తింది. ఊరేగింపులో ప్లేగు ఎలుక బొమ్మను కూడా తిప్పారు. ఉత్తర్వుతో జరగని పని పండగతో జరిగింది.

పని ఇలా సాగుతుండగా 1917 వచ్చింది. పెద్ద కొడుకు అలస్డేర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ కబురు వచ్చేసరికి భార్య అన్నా తీవ్ర జ్వరంతో మంచం పట్టి ఉన్నారు. ఆ స్థితిలో చెబితే ఆమె తట్టుకోలేదని గెడ్డిస్ కొడుకు మరణాన్ని దాచారు. గుండెలో అంత బరువు పెట్టుకుని ఆమె ముందు మామూలుగా ఉండటానికి ప్రయత్నించారు. జూన్‌లో కలకత్తాలో అన్నా కన్నుమూశారు. రెండు నెలల తేడాలో కొడుకు, భార్య ఇద్దరూ పోయారు. ముప్పై ఏళ్ళు మురికివాడ నుంచి మద్రాసు దాకా వెంట నడిచిన మనిషి ఆమె. దుఃఖంలోనే మళ్ళీ పనిలోకి దిగారు. 1918లో ఇందూరు దర్బారుకు ఇచ్చిన రెండు సంపుటాల నివేదిక ఆయన భారతీయ నివేదికల్లో అన్నిటికన్నా పెద్దది.

విశ్వవిద్యాలయం చెట్టులా పెరగాలి

ఆ ఇందూరు నివేదికలోనే మధ్య భారత విశ్వవిద్యాలయం గురించి వివరంగా రాశారు. అప్పటి మన విశ్వవిద్యాలయాలు ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయాలు. గెడ్డిస్ కోరుకున్నది వేరు. గ్రంథాలయం, మ్యూజియం, నాటకశాల, తోటలు ఊరి జనానికీ అందుబాటులో ఉండాలి. విద్యార్థి ఊరిలోకి వెళ్ళి నేర్చుకోవాలి, ఊరు విశ్వవిద్యాలయంలోకి రావాలి. రెండింటి మధ్య గోడ ఉండకూడదు.

తోటమాలికి తెలిసిన సంగతే ప్లానరుకూ వర్తిస్తుంది. మొక్క నాటే రోజు దాని చుట్టూ చాలా నేల వృథాగా కనబడుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కొమ్మలు చాచాక తెలుస్తుంది ఆ నేల ఎందుకు వదిలారో. విశ్వవిద్యాలయమూ అంతే. మొదటి రోజు రెండు మూడు శాఖలే ఉంటాయి. రేపు సైన్సు, ఇంజినీరింగు, వైద్యం, లా, ఆడపిల్లల హాస్టళ్ళు, ఇంకా ఇవాళ పేరు కూడా తెలియని శాఖలు వస్తాయి. గెడ్డిస్ పద్ధతిని ప్రాంగణానికి అన్వయిస్తే వరస ఇలా ఉంటుంది. ముందు నేల వాలు, నీటి దారి, గాలి, రాళ్ళు, చెట్లు చూడాలి. ఏ జాగాలో ఎప్పటికీ కట్టకూడదో అది ముందే గుర్తు పెట్టాలి. దాని అంచున మొదటి భవనాలు రావాలి. ప్రతి భవనం వెనక అది పెరగటానికి చోటు ఉండాలి. మధ్య మైదానాన్ని మాత్రం ఎవరూ ముట్టకూడదు. మసీదుకు సహన్ ఎలాగో, పాత హవేలీకి నడుమ ఆంగన్ ఎలాగో, ప్రాంగణానికి ఆ ఖాళీ అలాగ. సహన్ ఖాళీగా ఉంది కదా అని దానిలో గదులు కట్టుకుంటూ పోతే జుమా రోజు జనం ఎక్కడ నిలబడతారు?

1919లో జియోనిస్టు సంస్థ పిలుపు మీద గెడ్డిస్ జెరూసలేం వెళ్ళి హీబ్రూ విశ్వవిద్యాలయానికి ప్లాను వేశారు. పాలస్తీనా అప్పుడు బ్రిటిష్ సైనిక పాలనలో ఉంది. మధ్యలో పెద్ద గుమ్మటం, కొండ వాలు మీద మెట్లు మెట్లుగా భవనాలు, తోటలు ఆ ప్లానులో ఉన్నాయి. అందులో చాలా భాగం కాగితం మీదే ఉండిపోయింది. ఎవరి నేల మీద ఎవరి భవిష్యత్తు అన్న ప్రశ్న అక్కడ అప్పటికే రగులుతోంది. ఎంత మంచి ప్లాను అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

అదే ఏడు బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం, పౌరశాస్త్రం శాఖకు ప్రొఫెసర్‌గా చేరి 1924 దాకా పనిచేశారు. చెట్ల కింద పాఠాలు చెప్పే శాంతినికేతన్ అంటే ఆయనకు ఇష్టం. రవీంద్రనాథ్ ఠాగూర్‌తో ఉత్తరాలు నడిచేవి. చిన్న కొడుకు ఆర్థర్ శాంతినికేతన్ పక్కనే ఉన్న శ్రీనికేతన్‌లో కొంతకాలం పనిచేశాడు.

హైదరాబాదులో గెడ్డిస్

గెడ్డిస్ వచ్చేనాటికి హైదరాబాదు పెద్ద దెబ్బ తిని లేచిన నగరం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి రోడ్లు, ఇళ్ళు, పార్కుల పని మొదలుపెట్టింది. నదికి చోటు వదలకపోతే నది తన చోటు తానే తీసుకుంటుందని ఈ నగరం కష్టపడి నేర్చుకుంది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో ఇచ్చిన ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో. పై చదువుల పుస్తకాలు తర్జుమా చేయటానికి దారుల్ తర్జుమా అప్పటికే పనిచేస్తోంది. ఇంగ్లిషు రాకపోతే పై చదువు లేదన్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు. కానీ విశ్వవిద్యాలయానికి సొంత గూడు లేదు. నగరం నడిమధ్య అద్దె ఇళ్ళలో తరగతులు నడిచేవి. ఏటా పిల్లలు పెరుగుతున్నారు, జాగా పెరగటం లేదు.

ఈ దశలోనే ప్రాంగణానికి స్థలం పరిశీలించి నివేదిక ఇచ్చే పని గెడ్డిస్‌కు అప్పగించారు. చివరికి నగరానికి తూర్పున అడిక్‌మెట్ ప్రాంతం ఖాయమయింది. రాళ్ళు, చెట్లు, ఎగుడుదిగుడు నేల. ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా జాగీరులో ఒకప్పుడు ఈ భూములు ఉండేవని చెబుతారు. రెండు మూడు వందల మందితో మొదలైన విశ్వవిద్యాలయానికి వెయ్యి ఎకరాలకు పైగా నేల కేటాయించారు. అప్పుడు ఇంత దేనికి అనిపించి ఉండవచ్చు. ఆ నేల ఆ రోజున చదువుతున్న పిల్లల కోసం మాత్రమే కాదు, ఇంకా పుట్టని వాళ్ళ కోసం.

స్థలం చూసినంత మాత్రాన భవనాలు లేవవు. 1930లో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. యూరపు, అమెరికా, జపాను తిరిగారు. కైరోలో బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను కలిశారు. జాస్పర్ హైదరాబాదు వచ్చి ఇక్కడి కట్టడాలు చూసి ప్లాన్లు గీశారు. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. అజంతా, ఎల్లోరాలను గుర్తుచేసే స్తంభాలు, ముస్లిం వాస్తు కమానులు ఒకే గోడలో కలిసిన ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబర్ 4న ప్రారంభమైంది. ముందు పెద్ద మైదానం, వెడల్పాటి రోడ్లు, ఎడం ఎడంగా కాలేజీలు, హాస్టళ్ళు. తర్వాతి దశాబ్దాల్లో ఎన్ని శాఖలు వచ్చినా నిలబడటానికి చోటు దొరికిందంటే, మొదట అంత నేల వదిలినవాళ్ళ ముందుచూపే కారణం. ఇందులో ఏ గీత ఎవరిదని విడదీయటం కష్టం. నిజాం ఖజానా, ఇంజినీర్ల శ్రమ, జాస్పర్ కుంచె, పేరు తెలియని రాతి పనివాళ్ళ చేతులు – అందరి వాటా ఉంది. ముందు నేలను చదవండి, తర్వాత ఇటుక పెట్టండి అన్న గెడ్డిస్ పద్ధతికీ అందులో వాటా ఉంది.

చివరి రోజులు

అవేవీ గెడ్డిస్ చూడలేదు. ఆరోగ్యం చెడటంతో 1924లో భారతదేశం వదిలి ఫ్రాన్సులోని మోంపెలియె వెళ్ళారు. అక్కడ ఊరి బయట రాళ్ళు, ముళ్ళపొదల గుట్ట మీద స్కాట్స్ కాలేజీ అనే వసతి విద్యాలయం మొదలుపెట్టారు. డెబ్బై ఏళ్ళ వయసులో మళ్ళీ రాళ్ళు ఏరి, మడులు కట్టి, తోట వేశారు. భారతీయ విద్యార్థుల కోసం కూడా అక్కడ ఒక కాలేజీ ఉండాలని కలగన్నారు. ఒకప్పుడు వద్దన్న సర్ బిరుదును 1932లో తీసుకున్నారు. ఆ ఏడాదే ఏప్రిల్ 17న మోంపెలియెలో చనిపోయారు. ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడటానికి ఇంకా రెండేళ్ళు ఉంది.

ఆయన వేసిన ప్లాన్లలో కట్టినవి తక్కువ, కాగితంలో ఉండిపోయినవి ఎక్కువ. మాటలు ఎక్కువ, పుస్తకాలు తక్కువ అని మిత్రులే అనేవారు. అయినా నగరాన్ని ముందు సర్వే చేసి, తర్వాత ప్లాను వేయాలన్న సంగతి ఇవాళ ప్రపంచమంతా పాఠంగా చెబుతున్నారు.

మనకు ఆయన వదిలిన పాఠం ఇంకా దగ్గరిది. హైదరాబాదులో బాగ్ అని పేరున్న మొహల్లాలు ఎన్నో. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, జాంబాగ్. పేరులో బాగ్ ఉంది, నేల మీద తోట ఎక్కడ? ఒక్క రోజులో ఎవరూ తోటను మింగరు. ఈ మూల ఒక షెడ్డు, ఆ మూల ఒక గోడ, మధ్యలో ఒక దారి, అలా ముక్క ముక్కగా పోతుంది. విశ్వవిద్యాలయం మైదానమైనా, బస్తీ ఈద్గా అయినా, వక్ఫ్ జాగా అయినా, మదరసా ముందున్న నాలుగు గజాల నేల అయినా ఖాళీగా కనబడితే చాలు, ఎవరో ఒకరి కన్ను పడుతుంది. ఖాళీ అన్న మాటను పనికిరానిది అన్న అర్థంలో వాడటం మానుకున్న రోజే దాన్ని కాపాడుకోగలం.

ఎడిన్‌బరోలో గెడ్డిస్ ఆ 75 ముక్కలను లెక్కబెట్టించి, ఒక్కో తోటకు చూసుకునే మనుషుల్ని వెతికినట్టు, మన మొహల్లాలో మిగిలిన జాగాలకు కూడా ఒక లెక్క, ఒక కావలి కావాలి. రేపు కొత్త కాలేజీకి, కొత్త బడికి ప్లాను గీసేటప్పుడు కమిటీ పెద్దలు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని గదులు అని కాదు. పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడ, ఇరవై ఏళ్ళ తర్వాత ఈ బడి ఎటువైపు పెరుగుతుంది అని.